ప్లేటు పట్టుకొని వజ్రేశ్వరి బస్సెక్కిన ఆగమ్మ

ఆగమ్మకు ఈ ప్రపంచంలో నమ్మకం ఉన్నవి రెండే: తన చేతి కారం, తన ముక్కు. మిగతా వాటన్నిటినీ ముందు అనుమానిస్తుంది, తర్వాత పలకరిస్తుంది. పాలవాడిని, గ్యాసు బండ తెచ్చేవాడిని, ఎండను, వానను, గోడ మీది పిల్లిని. ఆ పిల్లి కూడా ఆమె కనబడితే చాలు, ఏ తప్పూ చేయకుండానే పరిగెత్తుతుంది.

భివండీ పద్మనగర్‌లో ఆమె నడిపేది బిస్సీ. అంటే సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, పనిచేసే ఒంటరి మగవాళ్లకు నెలవారీగా రెండు పూటలా అన్నం పెట్టే ఇల్లు. ఇల్లంటే మరీ ఇల్లేం కాదు, చాలులో, అంటే పనివాళ్లుండే వరస గదుల్లో, ఒక గది. గది చివర గోడకు ఆనించి రాతి గట్టు, దాని మీద గ్యాసు పొయ్యి. పొద్దున ఆ గోడవైపు తిరిగిన ఆగమ్మ మళ్లీ ఇటు తిరిగేది గిన్నెలు దించేటప్పుడే. మాటలు మాత్రం ఆగవు. మిరపకాయల ఘాటుకు కొంగు మూతికి అడ్డం కట్టుకొని, గోడనే చూస్తూ, వీపు వెనక కూర్చొని తింటున్న వాళ్లను పేరుపేరునా తిడుతుంది. వాళ్లు ఆ తిట్లను ఉల్లిగడ్డలాగా నంజుకుంటారు.

తలుపు పక్కన చెక్క అరలో స్టీలు ప్లేట్లుంటాయి. ప్రతి ప్లేటు అంచు మీదా దాని యజమాని పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. ఆ అరలో ప్లేటు ఉంటేనే మనిషి ఉన్నట్టు. తాగొచ్చి లొల్లి చేసినవాడి ప్లేటును ఆగమ్మ బోర్లా వేస్తుంది. దాన్ని మళ్లీ తిప్పమని అడిగే మొనగాడు పద్మనగర్‌లో ఇంకా పుట్టలేదు. అన్నిటికన్నా పైన, సొట్టలు పడిన ఒక పాత ప్లేటు మీద 'అంకుశం' అని ఉంటుంది. అది ఆమె మొగుడిది.

అంకుశం మీసం రాకముందు కరీంనగర్ దిక్కు నుంచి వచ్చి, మీసం తెల్లబడేదాకా సాంచాలే నడిపాడు, ఇంకా నడుపుతున్నాడు. మనిషి పడుగు దారమంత సన్నం. పెళ్లయిన కొత్తలో ఆయన నోరు మూయించడానికి ఆగమ్మ అన్నం ముద్ద మీద ముద్ద పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఇంట్లో ఆ నోరు తెరుచుకునేది అన్నానికే. ఏమైనా అడిగితే ఓసారి జవాబు వస్తుంది, పదిసార్లు రాదు. "కావాలనే," అంటుంది ఆగమ్మ.

శుక్రవారం భివండీలో సాంచాలకు సెలవు. ఆ రోజు బిస్సీలో కోడికూర. ఇన్నేళ్లూ శుక్రవారం ఉల్లిగడ్డలు కోసింది అంకుశమే. ఈ వానాకాలం మొదలయ్యాక ఆ ఉల్లిగడ్డలకు దిక్కులేకుండా పోయింది. పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కొని, చేతిలో సంచితో వెళ్లిపోతాడు. దీపాలు పెట్టే వేళకు వస్తాడు. ఎదురుగా నిలబడి "ఎటు పోయినవ్?" అని అడిగితే "గట్ల పోయొచ్చిన" అంటాడు. గట్ల అంటే ఏ దిక్కు? తూర్పా, పడమరా, ఎవతి ఇంటి దిక్కా?

ఆగమ్మ ముక్కు పని మొదలుపెట్టింది. మొదట అంగీ వాసన చూసింది. మురిగిన గుడ్డు వాసన. ఏ ఆడది గుడ్డు వాసన సెంటు కొట్టుకుంటుందో ఆమెకు ఎంత ఆలోచించినా తెలియలేదు. ఆ తెలియకపోవడమే అనుమానాన్ని పెంచింది. తర్వాత ప్యాంటు అంచులు చూసింది. ఉత్తరేణి గింజలు. పద్మనగర్‌లో ఉత్తరేణి కాదు కదా, పచ్చటి ఆకు కనబడాలంటే కూరగాయల బండి రావాలి. అంటే ఎక్కడో చెట్ల చాటున. చాటు అన్న మాట తలకెక్కాక ఆమెకు నిద్ర పట్టలేదు. ఇవన్నీ పోనీ అనుకుంటే, కారం డబ్బా తగ్గుతోంది. వంటకు వాడిన లెక్క కన్నా ఎక్కువ తగ్గుతోంది.

ఆ కారం కోసమే వచ్చే రాజమణి ఈ సంగతి విని గడప మీదే కూర్చుండిపోయింది. రాజమణి సాంచాల సేఠు బుచ్చిరాములు భార్య. ఊళ్లో ఎవరి ఇంట్లో పొగ వచ్చినా, ఆమె విసనకర్ర తీసుకొని బయలుదేరుతుంది, ఆర్పడానికి కాదు.

"ఆగవ్వా, మొగోడు సెలవు రోజు ఉతికిన అంగీ ఉత్తగ ఏసుకోడే."

"ఏ, ఊకో రాజక్కా. గంత సన్నపు మనిషిని ఎవతి సూస్తది? గాలొస్తె పట్టుకోవాల్సొస్తది."

"సూసెటోళ్లకేం తక్వ? నువ్వు సూడలేదా?"

ఆ మాట ఆగమ్మకు ముల్లులాగా దిగింది. నిజమే. తనే చూసింది. అప్పుడు కూడా ఇంతే సన్నం.

ఆ గురువారం అందరూ తింటుండగా, బిస్సీలో అందరికన్నా వాగుడుకాయ అయిన సురేశ్ అంటించాడు. "అత్తా, రేపు ఉల్లిగడ్డలు ఎవలు కోస్తరు? మామ మళ్ల అడివిల తపస్సుకు పోతడేమో."

"తపస్సా? కోడి కాళ్లు రెండూ తనకే కావాలనెటోడు ఏం తపస్సు చేస్తడ్రా!" ఆగమ్మ గోడవైపే తిరిగి గరిటె ఎత్తింది. "అందరు ఇనుండ్రి. రేపు నేనే ఎనుక పోత. ఆడది గిన కనవడ్డదనుకో, ఈయిన ప్లేటు దాని చేతుల్నే పెట్టొస్త. ఇగ ఆమెనే వండి పెడ్తది, ఆమె తాన్నే పంటడు. ఈ గది నా పేరు మీదున్నది. నా అరల గా ప్లేటుకు జాగ లేదు."

నమలడం ఆగిపోయింది. అందరూ మూలన కూర్చున్న అంకుశాన్ని చూశారు. అంకుశం తలవంచుకొని రొట్టె తుంచి పప్పులో ముంచుకొని హాయిగా తింటున్నాడు.

"సూడుండ్రి, జర్రంతన్న సిగ్గున్నదా?" అంది ఆగమ్మ, గోడతో.

మరునాడు కోడికూరను సురేశ్‌కు అప్పజెప్పింది. ఆగమ్మ తన గరిటెను ఇంకొకడి చేతికిచ్చిందంటే సంగతి ఎంత ముదిరిందో వాడకట్టు మొత్తానికీ అర్థమైంది. సొట్టల ప్లేటును సంచిలో వేసుకొని, కొంగు ముక్కు దాకా లాక్కొని, మొగుడి వెనక నడిచింది.

ఎస్టీ బస్టాండులో ఎర్ర బస్సు ఒకటి రొప్పుతూ నిలబడి ఉంది. అంకుశం ఎక్కి ముందు కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆగమ్మ గుంపులో దూరి చిట్టచివరి సీట్లో సర్దుకుంది. కండక్టర్ వచ్చి ఎక్కడికని మరాఠీలో అడిగాడు. అప్పుడు తెలిసింది ఆమెకు, తను ఎక్కడికి పోతోందో తనకే తెలియదని.

"వో ఆగే బైఠా న, నీలా షర్ట్. వో జహా ఉతర్తా, వహా," అంది గుసగుసగా, ఆ ముందున్న నీలం అంగీ దిగే చోటికేనని. ఆగమ్మ గుసగుస అంటే సాంచాల షెడ్డులో కూడా వినబడుతుంది. "లేడీస్‌కు సగమే గద టికెట్టు? పూరా కైకో మాంగ్తా? నా దగ్గర నాటకాలొద్దు!"

బస్సంతా పగలబడి నవ్వింది. డ్రైవర్ అద్దంలోంచి చూశాడు. ఒళ్లో కోడిపిల్లల గంప పెట్టుకున్న ముసలాయన లేచి నిలబడి మరీ చూశాడు. అందరూ ఒకసారి ఆగమ్మను, ఒకసారి నీలం అంగీని చూశారు. నీలం అంగీ మాత్రం తిరగలేదు. కిటికీలోంచి గోదాములను చూస్తూ కూర్చుంది.

"నటన," అనుకుంది ఆగమ్మ. "అబ్బ, ఎంత పక్కా నటన!"

కండక్టర్ నవ్వాపుకొని, నీలం అంగీ దిగే వజ్రేశ్వరికి సగం టికెట్టు కొట్టాడు. మొగుళ్ల మీద అనుమానం కూడా సర్కారు సగం ధరకే ఇస్తోందన్నమాట.

గోదాములు అయిపోయాయి. గుంతలు అయిపోలేదు. అంబాడీ దాటాక రెండు పక్కలా వరి నాట్లు. అన్నేళ్లుగా భివండీలో ఉండి ఆగమ్మ ఇటువైపు ఎన్నడూ రాలేదు. రైలెక్కి ఊరికి పోవడం, రైలు దిగి పొయ్యి దగ్గరికి పోవడం, అంతే తెలుసు. గాలి చల్లగా మొహానికి తగిలింది. బాగుంది. వెంటనే ఆ బాగుండటాన్ని అనుమానించింది. ఇంత మంచి గాలికి మనిషి ఉత్తగా వస్తాడా?

వజ్రేశ్వరిలో దిగిన అంకుశం గుడివైపు చేతులు జోడించి, ఆగకుండా నది దిక్కు నడిచాడు. అక్కడ నేలలోంచి ఊరే వేడినీళ్ల కుండాలు. కాళ్లు ముంచి, మొహం కడుక్కొని, అంగీ అంచుతోనే తుడుచుకున్నాడు. దూరంగా ఒక గోడ చాటున నిలబడిన ఆగమ్మ ముక్కుకు గుప్పుమని తగిలింది. మురిగిన గుడ్డు.

సెంటు కథ అంతటితో తేలిపోయింది. ఆగమ్మకు సంతోషం కలగాలి. కలగలేదు. చేతికొచ్చిన సాక్ష్యం జారిపోతే పోలీసుకు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

కుండాలు దాటాక కాలిబాట. నది పక్కనే పైకి, టేకు చెట్ల మధ్యలోకి. అంకుశం ఇంట్లో నీళ్ల బిందె ఎత్తడానికి నడుం పట్టుకునే మనిషి, ఇక్కడ మేకపిల్లలాగా రాళ్ల మీద దూకుతూ పోతున్నాడు. వెనక ఆగమ్మ. చెప్పులు ఎర్ర బురదలో ఇరుక్కుంటున్నాయి. టేకాకుల మీద నిలిచిన వాననీళ్లు సరిగ్గా ఆమె కిందికి వచ్చాకే పడుతున్నాయి. బాట మధ్యలో ఒక పీత రెండు డెక్కలూ ఎత్తి ఎవరు నువ్వన్నట్టు నిలబడింది. "నువ్వూ ఆయిన దిక్కేనా?" అని దాని చుట్టూ తిరిగి పోయింది. వంగి చూసుకుంటే చీర అంచు నిండా ఉత్తరేణి గింజలు. రెండో సాక్ష్యం కూడా చెట్ల పాలైంది.

ఇక మిగిలింది కారం.

ముందు నుంచి ఒక చప్పుడు మొదలైంది. నడుస్తున్నకొద్దీ పెరిగింది. ఆగమ్మ టక్కున ఆగింది. షెడ్డు తలుపు తెరిచినప్పుడు ముఖం మీద పడే చప్పుడు అది. అడవిలో సాంచాలేంటి? చెట్లు అయిపోయిన చోట నల్ల రాళ్లు, ఆ రాళ్ల మీద నుంచి తాన్సా నది తెల్లగా విరిగి పడుతోంది. లోకం మొత్తం ఆ హోరులోనే ఉంది. తన గాజుల చప్పుడు తనకే వినబడలేదు.

అంకుశం ఒక రాతి మీద కూర్చున్నాడు. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ పొట్లం తీసి పైకెత్తి ఊపాడు. ఎర్రగా ఉంది. కారం. ఆగమ్మ దంచిన వెల్లుల్లి కారం.

అవతలి ఒడ్డున రాతి మీద ఒక ఆడది చెయ్యెత్తింది.

ఆగమ్మ టేకుచెట్టును పట్టుకుంది. ఉన్నది. నిజంగానే ఉన్నది. ఇన్ని రోజులుగా ఉన్నదని తిట్టుకుంటూ ఉన్నా, లోపల ఎక్కడో లేదనే అనుకుంటూ వచ్చిందని ఆ క్షణానే తెలిసింది.

అంతకన్నా పెద్ద దెబ్బ తర్వాత పడింది. అంకుశం మాట్లాడుతున్నాడు. ఇంట్లో ముక్కితే మూలిగితే ఒక ముక్క రాల్చే మనిషి, చేతులు తిప్పుతున్నాడు, వేళ్లు ఆడిస్తున్నాడు, కనుబొమ్మలు ఎగరేస్తున్నాడు. పెదాలు గబగబా కదులుతున్నాయి. అవతలామె జవాబిస్తోంది. అంకుశం తొడ చరుచుకొని నవ్వాడు. అంత హోరులో, మధ్యలో నది ఉండగా, ఇద్దరూ అరుగు మీద కూర్చున్నట్టు ముచ్చట పెడుతున్నారు. అది షెడ్డు భాష. సాంచాలు నడుస్తుంటే ఎవరి గొంతూ ఎవరికీ అందదు కాబట్టి పనివాళ్లు పెదాలతో, చేతులతోనే అన్నీ చెప్పుకుంటారు, దారం తెగిందని మొదలుకొని మేస్త్రీ పెళ్లాం అలిగిందనే దాకా. భివండీలో ఎవరికైనా అందులో నాలుగు ముక్కలు వస్తాయి. ఆగమ్మకూ వచ్చు.

చీర ఇచ్చినా ఓర్చుకునేది. కారం ఇచ్చినా, పోనీ, ఓర్చుకునేది. మాటలు ఇస్తున్నాడు. తనకు ఇవ్వాల్సిన మాటలన్నీ తెచ్చి నదికి అవతల పంచిపెడుతున్నాడు.

సంచిలోంచి ప్లేటు తీసింది. మొగుడి వీపు వెనక్కి వచ్చి, ఒక రాయి తీసుకొని ప్లేటును ఠంగుమని కొట్టింది. అంకుశం తిరగలేదు. మళ్లీ కొట్టింది. తిరగలేదు. నీ నటన పాడుగాను అనుకుంటూ ఇంకో సొట్ట పడేలా కొట్టింది. చివరికి అవతలి ఒడ్డామె చూసింది. అంకుశం వైపు చెయ్యి ఊపి, ముక్కుపుల్ల చోట వేలు పెట్టి, వెనక్కి చూపించింది: ఆడమనిషి, నీ వెనక.

అంకుశం తిరిగాడు. పెళ్లాం. చేతిలో తన పేరున్న ప్లేటు.

ఆగమ్మ నోరు తెరిచింది. బస్సెక్కినప్పటి నుంచి దాచిపెట్టిన తిట్లన్నీ ఒకేసారి బయటికొచ్చాయి. నది వాటిని బయటికొచ్చినవి వచ్చినట్టే మింగేసింది. తన గొంతు తనకే వినబడకుండా తిట్టడం ఆగమ్మకు అదే మొదటిసారి. చప్పుడు లేని తిట్టు ఉప్పు లేని కూరలా ఉంది. అయినా ఆపలేదు.

అంకుశం ఆమె మూతినే చూస్తున్నాడు. రెప్ప వేయకుండా చూస్తున్నాడు. కొంగు అడ్డం లేదు, పొగ లేదు. ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగగానే జవాబిచ్చాడు. పెదాలతో, చేతులతో, ఒక్కొక్క ముక్క విడమరిచి.

"ముసల్ది గామె. మనుమరాండ్లున్నరు. యమునాబాయి. మన భివండీ కనేరిల సాంచాల షెడ్డుల కండెలు చుట్టేది. ఇప్పుడు గా ఒడ్డుకే ఉంటది."

"ముసల్దైతె ఏంది? కారం ఎందుకిచ్చినవ్?"

"అడిగింది. మీ ఇంటామె కారం మంచిగుంటదన్నది."

ఆగమ్మ ఒక్క క్షణం తడబడింది. వెంటనే తేరుకుంది. "నన్ను పొగిడితె వదిలిపెడ్తననుకున్నవా? శుక్కురారం ఉల్లిగడ్డలు ఇడ్శి ఈడికెందుకస్తున్నవ్?"

అంకుశం చెవి మీద వేలు పెట్టి గుండ్రంగా తిప్పాడు. "సాంచాలు నడుస్తె బాగనే ఉంటది. శుక్కురారం బంద్ అయితదా, చెవుల్ల ఈల మొదలైతది. పొద్దు మీకేదాక ఈలనే. పిచ్చి లేస్తది. ఈడ నీళ్ల మోతల ఈల ఇనవడది. ఇంకేం ఇనవడకున్నా పర్వలేదు. ఈడ అందరు చెవిటోళ్లే."

జనం అడవికి ప్రశాంతత కోసం పోతారు. అంకుశం బస్సెక్కి చప్పుడు కోసం వచ్చాడు.

"మరి నాకెందుకు చెప్పలే?" ఆగమ్మ ప్లేటుతోనే అడిగింది, గాలిలో అడ్డంగా ఊపి. "నేను ఒర్రంగ ఒర్రంగ నువ్వెందుకు పలుకవ్? నేను మనిషిని గానా?"

అంకుశం రెండు చేతులూ ఎత్తి తన ముందు నిట్టనిలువుగా ఒక గోడ కట్టాడు. ఆ గోడవైపు తిరిగాడు. మూతికి అడ్డం చెయ్యి పెట్టుకొని, మరో చేత్తో గరిటె తిప్పుతూ, తల ఊపుతూ గోడకు చెప్పడం మొదలుపెట్టాడు. నడుం మీద చెయ్యి పెట్టడం కూడా మర్చిపోలేదు. అచ్చం ఆగమ్మే. తర్వాత ఇటు తిరిగి మెల్లగా పెదాలు కదిపాడు.

"నువ్వు గోడతోని మాట్లాడ్తవ్. నీ మొకం నాకు ఏడ కనవడ్తది?"

నది హోరుమంటూనే ఉంది. ఆగమ్మ ప్లేటు దించింది. బస్సులో తిరగని నీలం అంగీ గుర్తొచ్చింది. ప్లేటు దగ్గర కూర్చొని హాయిగా రొట్టె నమిలిన మూల గుర్తొచ్చింది. ఆ నటనలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఎదుట నిలబడ్డాయి. ఏడుపు వచ్చేలా ఉంది. ఏడవడం అలవాటు లేదు కాబట్టి తిట్టింది.

"గదేదో నోరు తెరిశి చెప్తె నీ ముత్యాలు రాల్తయా? చెవులు పోయినయని చెప్పెతందుకు సిగ్గా? మొద్దు మొగడా!"

"నేను మొద్దు. నువ్వు లౌడ్ స్పీకర్."

"నేను లౌడ్ స్పీకరా?"

"గోడకు బీటలు వడ్డయ్. పొయ్యి ఎనుక సూస్కో."

అలా మొదలైంది. పాత బాకీలాగా పేరుకుపోయిన కొట్లాట అది. బిడ్డ మల్లిక పెళ్లిలో వియ్యపురాలి ముందు ఎవరు ఎవరి పరువు తీశారో, కోడికాలు ఎవరు దాచుకున్నారో, అన్నీ బయటికొచ్చాయి. ఒక్క మాట కూడా కిందపడలేదు. ఆమె అంటే ఆయన అన్నాడు, ఆయన అంటే ఆమె అంది. ఎన్నేళ్లయిందో ఇట్లా తిట్టుకొని. అవతలి ఒడ్డున యమునాబాయి మోకాళ్ల మీద గడ్డం పెట్టుకొని, టీవీ ముందు కూర్చున్నట్టు కూర్చుంది. భాష తనది కాకపోయినా కథ ఆమెకు బాగానే అర్థమైంది.

అలసిపోయి ఇద్దరూ అదే రాతి మీద కూలబడ్డాక, యమునాబాయి పైన మెట్ట దగ్గరున్న చిన్న వంతెన మీదుగా చుట్టు తిరిగి వచ్చింది. పైపళ్లు లేవు. ఒడినిండా బోడకాకరకాయలు. వాటిని ఆగమ్మ చేతిలోని ప్లేటులో పోసింది. కారం పొట్లం చూపించి, నాలుక చప్పరించి, ఆగమ్మ గడ్డం పట్టుకుంది. ఆగమ్మ ఆమెను తలనుంచి కాళ్ల దాకా చూసింది. ముసలిదే. మనుమరాళ్లున్నదే. అయినా ఎందుకైనా మంచిదని అంకుశానికి, ఆమెకు మధ్యలో తను కూర్చుంది.

ఏ ఆడదాని చేతిలో పెట్టి రావాలనుకుందో ఆ ఆడది నింపిన ప్లేటుతోనే ఆగమ్మ తిరిగొచ్చింది. ఆ సాయంత్రం దాన్ని కడిగి, అరలో అన్నిటికన్నా పైన, వెల్లకిలా పెట్టింది. సురేశ్ వండిన కోడికూర మాడిపోయింది. అందరూ దాన్నే గీక్కొని తిన్నారు.

శనివారం పొద్దున తినడానికి వచ్చినవాళ్లు గడపలోనే ఆగిపోయారు. పొయ్యి గట్టు మీద లేదు. ఒక బల్ల మీదికి ఎక్కి గది మధ్యకు వచ్చింది. ఆగమ్మ గోడకు వీపు పెట్టి, మనుషులకు ఎదురుగా నిలబడి ఉంది. మూతికి కొంగు లేదు. కళ్లలో నీళ్లు కారుతున్నా, తుమ్ములు వస్తున్నా కొంగు లేదు.

"గిదేంది అత్తా, వాస్తా?" అన్నాడు సురేశ్.

ఆగమ్మ వాడికి చప్పుడు లేకుండా పెదాలతో ఒక తిట్టు తిట్టింది. సురేశ్ కూడా సాంచాల మనిషే కాబట్టి అది పూర్తిగా అందింది. చెవులు ఎర్రబడ్డాయి. మూలన అంకుశం పొలమారేలా నవ్వాడు.

వాడకట్టు మాత్రం ఊరుకోలేదు. ఏదో బాబా చెప్పాడని ఒకరు, గోడలో ఏదో దొరికిందని ఒకరు. రాజమణికి ఇవేవీ నచ్చలేదు. ఆ తర్వాతి శుక్రవారం మొగుడూ పెళ్లాలిద్దరూ ఉతికిన బట్టలు కట్టుకొని, ఉల్లిగడ్డలు సురేశ్‌కు వదిలేసి, సంచితో బయలుదేరారని తెలిసి ఆమెకు అన్నం సహించలేదు. ఈ వయసులో, ఇద్దరూ కలిసి, ఎటు?

ఎర్ర బస్సులో ముందు కిటికీ పక్కన అంకుశం, ఆయన పక్కన ఆగమ్మ. బస్సు కదలగానే వెనక నుంచి ఒక గుసగుస వినబడింది. "వో ఆగే దోనో బైఠే న, వో జహా ఉతర్తే..." ఆగమ్మ తిరిగి చూడలేదు. ఆ గొంతు ఎవరిదో ఆమెకు తెలుసు. మొగుడి మోకాలు తట్టి, మొహం ఆయనవైపు పూర్తిగా తిప్పి, చప్పుడు చేయకుండా చెప్పింది.

"రాజక్క. ఆఖరి సీటు. మొకం మీద కొంగు."

అంకుశం కిటికీ వైపు తిరిగి, భుజాలు కదిలేలా నవ్వాడు. అంబాడీ దాటాక ఆగమ్మకు ఉన్నట్టుండి ఒక అనుమానం వచ్చింది: రాజమణి చూస్తే వచ్చే శుక్రవారానికి పద్మనగర్ మొత్తం ఆ రాళ్ల మీదే కూర్చుంటుంది. సంచి దగ్గరికి లాక్కొని, ఒక స్టాపు ముందే దిగి పొలాల మీదుగా నడుద్దామని పెదాలతో అంది. అంకుశం ఆమె మూతి చూశాడు, అప్పటికే లేచి నిలబడ్డాడు.